ఆయన ఎవరికి మామగారు?

2019 ఆగస్టు 2వ తేదీన దేవదాస్ కనకాల గారు హైదరాబాదులో కన్నుమూశారు. ఆ సాయంత్రం నుంచి మరునాటి దినపత్రికల దాకా ఆ వార్త మనకు అందిన తీరును ఒకసారి గుర్తు చేసుకోండి. యాంకర్ సుమ గారి మామగారు పోయారు. నటుడు రాజీవ్ కనకాల గారి తండ్రి పోయారు. చిరంజీవి గారి గురువు పోయారు. చనిపోయిన మనిషి పేరు ఈ చుట్టరికాలన్నీ దాటాక ఎక్కడో చివర తగిలేది. మా గవర్నర్‌పేటలో ఆ రోజు నలుగురు కూడిన చోటల్లా వినబడిన మాట కూడా అదే: “సుమ మామగారు పోయారటగా!”

చుట్టరికం చెప్పడంలో తప్పు లేదు. తెలుగువాడు ఎవరినైనా ముందు ఏ ఊరు, ఎవరి తాలూకు అనే అడుగుతాడు. నా అభ్యంతరం చుట్టరికం చెప్పినందుకు కాదు, దానితో సరిపెట్టినందుకు. ఆయన నేర్పింది ఏమిటి, ఎక్కడ నేర్చుకున్నారు, ఎలా నేర్పారు, ఆ విద్య ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది అన్న ప్రశ్నలు ఆనాడు ఎవరూ వేసిన జాడ నాకు కనబడలేదు. ఇన్నేళ్ళు గడిచాక కూడా కనబడడం లేదు. ఒక సంగీత విద్వాంసుడు పోతే ఆయన ఏ గురు పరంపరకు చెందినవాడో రాస్తాం. వైద్యుడు పోతే ఏ శాఖలో దిట్టో రాస్తాం. నటన నేర్పిన మాస్టారు పోతే మాత్రం ఎవరికి మామగారో రాస్తాం.

ఈ అలవాటు వెనుక ఒక నమ్మకం ఉంది. నటన పుట్టుకతో రావలసిందే గాని నేర్పితే వచ్చేది కాదన్నది ఆ నమ్మకం. అది అబద్ధమని, పైగా నిరపాయమైన అబద్ధం కూడా కాదని, దానివల్ల లాభపడేవారు కొందరుంటే నష్టపోయేవారు మన కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల పిల్లలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆయన సంగతి, తెలియనివారి కోసం. దేవదాస్ గారు 1945 జూలై 30న యానాం దగ్గరి కనకాలపేటలో పుట్టారు. పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన చదువుకున్నారు. ఆ రోజుల్లో తెలుగునాట నటుడు కావాలనుకున్నవాడు మద్రాసు రైలెక్కేవాడు గాని, పూనా వెళ్ళి పాఠం చదువుకోవాలనుకునేవాడు కాదు. తిరిగి వచ్చాక సినిమాల్లో నటించారు. 1974లో కె. విశ్వనాథ్ గారు తీసిన ‘ఓ సీత కథ’లో ఆయనది ప్రతినాయక పాత్ర. ఆ కథనే బాలచందర్ గారు 1976లో తమిళంలో ‘మూండ్రు ముడిచ్చు’గా తీసినప్పుడు ఆ పాత్రను ధరించినవాడు రజనీకాంత్. తెలుగులో ఆ పాత్ర చేసినవారి పేరు ఎంతమందికి గుర్తుంది?

1978లో ఆయన దర్శకత్వంలో ‘చలి చీమలు’ వచ్చింది. పరుచూరి సోదరుల కలం వెండితెర మీద తొలి రోజుల్లో కనబడిన చిత్రమది. మా కైకలూరు మనిషి నూతన్ ప్రసాద్ గారిని ఊరూరా నోట నానేలా చేసిన చిత్రం కూడా అదే. ఈ పనులన్నిటితోబాటు, ఇంకా చెప్పాలంటే వీటన్నిటికన్నా ఎక్కువగా, ఆయన చేసినది బోధన. మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లోను, ఆ తరువాత హైదరాబాదులో తమ సొంత శిక్షణాలయంలోను భార్య లక్ష్మీదేవి గారితో కలిసి దశాబ్దాల పాటు నటన నేర్పారు. లక్ష్మీదేవి గారు స్వయంగా నటి, అంతటి అధ్యాపకురాలు. ఆమె 2018 ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు. ఆమె వార్త కూడా మనకు అత్తగారి వార్తగానే అందింది.

ఇక వాదాలకు వస్తాను.

మొదటి వాదం: నటన నేర్పితే వచ్చేది కాదు.

ఈ మాటను మరెక్కడో అంటే అజ్ఞానమనుకుని ఊరుకోవచ్చు. బెజవాడలో అనడం మాత్రం విడ్డూరం. బందరు రోడ్డు పట్టుకుని పామర్రు దాటితే కూచిపూడి వస్తుంది. ఆ ఊళ్ళో శతాబ్దాలుగా అభినయాన్ని పాఠంగా చెబుతున్నారు. కనుబొమ కదలడానికి ఒక పాఠం, మెడ తిరగడానికి ఒక పాఠం, సత్యభామ జడ వేయడానికి ఒక పాఠం. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు, చింతా వెంకట్రామయ్య గారు శిష్యులకు చెప్పింది కేవలం అడుగులు కావు. ఒక పురుషుడు రంగస్థలం మీద సత్యభామగా మారి, చూసేవాడి చేత నమ్మించడం ఎలాగో చెప్పారు. వెంపటి చినసత్యం గారు మద్రాసు వెళ్ళి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెడితే, అభినయం పుట్టుకతో రావాలిగాని నీవెవరు నేర్పడానికి అని ఎవరైనా ఆయన్ను అడిగారా? అడగలేదు. అక్కడ విద్య అని ఒప్పుకున్న దానినే కెమెరా ముందుకు వచ్చేసరికి అదృష్టం అంటున్నాం.

పద్యనాటకం సంగతి చూడండి. మైలవరం కంపెనీ కాలం నుంచి, యడవల్లి సూర్యనారాయణ గారూ కపిలవాయి రామనాథశాస్త్రి గారూ వెలిగిన కాలం నుంచి, ప్రతి సమాజానికీ ఒక హార్మోనియం మాస్టారు ఉండేవారు. కుర్రవాడు పద్యం ఎక్కడ ఎత్తుకోవాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, రాగం ఎక్కడ ఆపి మాటలోకి దిగాలి అన్నవి ఆయనే చెప్పేవారు. కుర్రవాడు తప్పు పోతే బెత్తం కూడా ఆయనదే. తరువాత ఆ కుర్రవాడికి వన్స్‌మోర్లు పడితే అది గాత్రం, పుట్టుక, దైవదత్తం. మాస్టారు మాత్రం పెట్టె మూసుకుని వెనక బెంచీ మీద కూర్చునేవారు. దేవదాస్ గారికి జరిగింది కొత్తది కాదు, పాత అన్యాయమే.

ఇంకొక కథ బెజవాడవాళ్ళందరికీ కంఠోపాఠం. అక్కినేని నాగేశ్వరరావు గారిని ఘంటసాల బలరామయ్య గారు మా విజయవాడ రైల్వేస్టేషనులో చూశారు. చూసి ‘సీతారామ జననం’లో రాముడి వేషం ఇచ్చారు. ఆ చిత్రం 1944లో వచ్చింది. ఈ కథ చెప్పుకోవడం మనకెంతో ఇష్టం. స్టేషను, రైలు, ఒక చూపు, ఒక జీవితం. కాని ఆ స్టేషనుకు రాకముందు ఆ కుర్రవాడు ఎన్ని రాత్రులు రంగస్థలం మీద ఆడవేషాలు కట్టాడు? గుడివాడ ఎక్సెల్షియర్ నాటక సమాజంలో దుక్కిపాటి మధుసూదనరావు గారి చేతి కింద ఏమి నేర్చాడు? ఆ సంగతులు స్టేషను కథంత వేగంగా నోటికి రావు. కనుగొన్న చూపుకు చరిత్రలో చోటుంది, తీర్చిదిద్దిన చేతికి లేదు.

ఎన్టీఆర్ గారి విషయమూ అంతే. విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణ గారు ఆయనకు తెలుగు చెప్పిన అధ్యాపకులు. అక్కడ నాటకంలో నాగమ్మ వేషం కట్టవలసి వచ్చినప్పుడు మీసం తీయనని ఆయన పట్టుబట్టారని, మీసాల నాగమ్మ అయ్యారని నవ్వుకుంటూ చెప్పుకుంటాం. విశ్వనాథ వంటివాని ముందు కూర్చుని తెలుగు విన్న చెవికి, తరువాతి కాలంలో ఆ నోట పలికిన సంభాషణకు సంబంధం ఉందని ఎవరైనా వివరంగా రాశారా? మీసం గుర్తుంది, పాఠం గుర్తు లేదు.

రెండవ వాదం: సరే, రంగస్థలానికి శిక్షణ కావాలేమో, సినిమాకు అక్కరలేదు. అక్కడంతా కెమెరా, ఎడిటింగు, అందం.

ఇది మొదటి దానికన్నా పెద్ద పొరపాటు. రంగస్థలం మీద నటుడు కథను మొదటి నుంచి చివరికి వరుసగా బతుకుతాడు. సినిమాలో తండ్రి చావు సోమవారం తీస్తారు, ఆ తండ్రితో చిన్ననాటి సరదా గురువారం తీస్తారు. దూరపు షాటులో ఎడమచేత్తో గ్లాసు ఎత్తి, మాట సగంలో బల్ల మీద పెట్టినవాడు, రెండు గంటల తరువాత దగ్గరి షాటులో అదే మాట దగ్గర, అదే చేత్తో, అదే వేగంతో పెట్టాలి. లేకుంటే ఆ రెండు ముక్కలూ అతకవు. నేల మీద గీసిన గుర్తు దగ్గర సరిగా ఆగాలి, కిందికి చూడకూడదు. ఎదుట మనిషి లేకున్నా లెన్సు పక్కన ఎక్కడో ఒక చోటును మనిషిగా భావించి, ఆ చోటు వైపే కళ్ళు నిలపాలి. లెన్సు దగ్గరయ్యేకొద్దీ ముఖంలో చేసే పని తగ్గించుకోవాలి. హనుమంతరాయ గ్రంథాలయం వేదిక మీద చివరి వరుసవాడికి అందేలా గొంతెత్తడం నేర్చినవాడు, మైకు తన రొమ్ము దగ్గర ఉన్నప్పుడు అదే గొంతెత్తితే దృశ్యం చెడుతుంది. ఇవేవీ పుట్టుకతో రావు. ఎవరో ఒకరు చెప్పాలి, లేదా నిర్మాత ఖర్చుతో పది సినిమాలు పాడుచేసి నేర్చుకోవాలి. ఆ రెండో అవకాశం ఎవరికి దొరుకుతుందో కాసేపట్లో చెబుతాను.

దేవదాస్ గారు చదివిన పూనా బడికి ఒక వంశవృక్షం ఉంది. అది మన పత్రికలకు పట్టలేదు గనుక ఇక్కడ రాస్తున్నాను. అక్కడ 1963 నుంచి నటన విభాగాన్ని తీర్చిదిద్దినవారు రోషన్ తనేజా గారు. ఆయన న్యూయార్కులోని నైబర్‌హుడ్ ప్లేహౌస్‌లో శాన్‌ఫర్డ్ మైస్నర్ వద్ద నేర్చుకున్నవారు. మైస్నర్ పద్ధతిలో మొదటి అభ్యాసం చూడడానికి పిల్లల ఆటలా ఉంటుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు ఎదుటివానిలో కనబడిన దానిని ఒక వాక్యంగా అంటారు. రెండోవారు దానినే తిరిగి అంటారు. అలా అంటూ పోగా మాట అర్థం కరిగిపోయి, ఎదుటివాని గొంతులో, కంట్లో కలిగే మార్పుకు మాత్రమే స్పందించడం అలవడుతుంది. ‘నేను ఎలా కనబడుతున్నాను’ అన్న ధ్యాస ‘అతనికి ఏమవుతోంది’ అన్న ధ్యాసగా మారుతుంది. మన తెలుగు నటులలో సగంమందికి లేనిది సరిగ్గా ఆ రెండో ధ్యాసే. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపు తన వంతు కోసం కాచుకునే నటులను మనం రోజూ చూస్తున్నాం.

తనేజా గారు కూడా 2019లోనే, మే నెలలో పోయారు. జయా బాధురి, నసీరుద్దీన్ షా, షబానా ఆజ్మీల గురువుగా, భారతదేశంలో నటనను బోధనాంశంగా నిలబెట్టిన వ్యక్తిగా ఆయన్ను తలచుకున్నారు. ‘మురారి’ వంటి చిత్రాలలో కనిపించిన నటుడు, ఎందరికో నటన నేర్పిన అధ్యాపకుడు డి.ఎస్. దీక్షితులు గారు కూడా ఆ ఏడాది ఫిబ్రవరిలోనే పోయారు. ఒకే ఏడాదిలో ముగ్గురు మాస్టర్లు. పూనా బడిలో మొలిచిన విద్య మద్రాసు మీదుగా మన పిల్లలదాకా ప్రవహించిన ఆ దారిని గీసి చూపడానికి అంతకన్నా సందర్భం ఏముంటుంది? మనం గీయలేదు.

మూడవ వాదం నాకు అన్నిటికన్నా రోత పుట్టించేది: నటుడిగా నిలదొక్కుకోలేకే బడి పెట్టుకున్నాడు.

ఇది అన్నవారిని నేను ఎదురుగా విన్నాను. ఏదీ చేతకానివాడు పంతులవుతాడని మనలో ఒక నీచమైన సామెత లాంటి భావన చాలాకాలంగా ఉంది. దాన్నే ఇక్కడా వాడుతున్నారు. లోకంలో ఈ లెక్క ఎక్కడా నిలవదు. రష్యా నుంచి అమెరికా వెళ్ళిన మరియా ఉస్పెన్‌స్కయా హాలీవుడ్ చిత్రాలలో పేరున్న నటి, న్యూయార్కులో సొంత నటనాలయం నడిపిన గురువు కూడా. మైకేల్ చెకోవ్ హిచ్‌కాక్ తీసిన ‘స్పెల్‌బౌండ్’ (1945)లో నటించి ఆస్కారు పరిశీలనకు వెళ్ళినవాడు, మార్లిన్ మన్రోకు పాఠం చెప్పినవాడు కూడా. లీ స్ట్రాస్‌బర్గ్ దశాబ్దాలు యాక్టర్స్ స్టూడియోలో బోధించి, డెబ్బై దాటిన వయసులో ‘గాడ్‌ఫాదర్’ రెండవ భాగంలో (1974) నటించి, తాను చెప్పినదంతా తన ముఖం మీద చేసి చూపాడు. వీరిలో ఎవరినీ ఆ దేశం ‘నిలదొక్కుకోలేనివాడు’ అనలేదు.

అంత దూరం పోనక్కరలేదు. మా గన్నవరం దగ్గరి ఆటుకూరులో పుట్టిన బందా కనకలింగేశ్వరరావు గారు జెమిని ‘బాలనాగమ్మ’ (1942)లో నటించారు. వేదిక మీద కృష్ణుడిగా ప్రసిద్ధులు. తెరను పట్టుకుని వేలాడలేదు. విజయవాడ ఆకాశవాణిలో నాటకాలను తీర్చారు. కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రాన్ని నెలకొల్పడానికి నడుం కట్టారు. తెర మీద ఇంకో ఇరవై వేషాలు వేసి ఉంటే ఆయన గొప్పవారయ్యేవారా? ఆ కళాక్షేత్రం లేకుంటే కూచిపూడిలో ఎంత మిగిలేది? నటుడి జీవితంలో బోధన ఓటమి తరువాతి మజిలీ కాదు. అది వేరొక వృత్తి, వేరొక ఓర్పు. తనకు తెలిసినది ఎదుటివాడి శరీరంలో, వాడి గొంతులో, వాడి భయాలలో మొలకెత్తించాలి. అది తాను చేయడం కన్నా కష్టం.

పరుచూరి గోపాలకృష్ణ గారి ఉదాహరణ తలకిందులుగా ఇదే సంగతి చెబుతుంది. ఆయన ఉయ్యూరులో తెలుగు అధ్యాపకులుగా పనిచేసి సినిమా రచనకు, నటనకు వెళ్ళారు. వయసు మళ్ళాక 2017లో ‘పరుచూరి పాఠాలు’ పేర యూట్యూబులో మళ్ళీ బోధనకే కూర్చున్నారు. ఆ పాఠాలను ఎంతమంది కుర్రవాళ్ళు నోట్సు రాసుకుని మరీ వింటున్నారో నాకు తెలుసు. నేర్పేవారికోసం మన పిల్లలు ఎంత ఆకలిగా ఉన్నారో చెప్పడానికి అంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఇప్పుడు అసలు విషయం.

‘నటన రక్తంలో ఉండాలి’ అని ఎవరు ఎక్కువగా అంటున్నారో గమనించండి. వారసులు, వారి చుట్టూ ఉన్నవారు, వారి అభిమాన సంఘాలు. మరి ఆ రక్తం ఉన్నవారు ఏమి చేస్తున్నారు? మహేష్ బాబు గారు, పవన్ కల్యాణ్ గారు, ప్రభాస్ గారు విశాఖపట్నంలో సత్యానంద్ గారి దగ్గర శిక్షణ పొంది తెర మీదకు వచ్చినవారే. అందులో సిగ్గుపడవలసింది లేదు, అది మెచ్చుకోవలసిన పద్ధతి. పెద్ద ఇళ్ళ పిల్లలు విదేశీ నటనాలయాలకు వెళ్ళి రావడం కూడా ఇప్పుడు మామూలే. రక్తం ఉన్నవాడు కూడా మాస్టారి ముందు కూర్చుంటున్నాడు. కూర్చుని లేచాక అభిమానులు దానిని రక్తం అంటున్నారు. అవనిగడ్డలోనో, కైకలూరులోనో, మా గవర్నర్‌పేటలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే కుర్రవాడో మాత్రం ఆ మాటను నిజమని నమ్మి, తనకు పుట్టుకతో రాలేదు గనుక ఇక లేదని ఊరుకుంటాడు. లేదా పుట్టుకతో ఉందని నమ్మి, ఏమీ నేర్చుకోకుండా కృష్ణానగర్ బస్సు ఎక్కుతాడు. వారికి శిక్షణ, వీరికి అదృష్టం. పది సినిమాలు పాడుచేసి నేర్చుకునే అవకాశం ఎవరిదో ఇప్పుడు వేరే చెప్పాలా?

మద్రాసు ఇన్‌స్టిట్యూట్ కథ దీనికి ఎదురు సాక్ష్యం. మొగల్తూరు నుంచి, నర్సాపురం కళాశాల నుంచి వెళ్ళిన కుర్రవాడు చిరంజీవి. ఆయనకు సినిమాలో చుట్టాలు లేరు. 1978లో ‘ప్రాణం ఖరీదు’తో తెర మీదకు వచ్చేనాటికి చేతిలో ఉన్నది ఇన్‌స్టిట్యూట్ చదువు. మా గుడివాడ ప్రాంతపు రాజేంద్రప్రసాద్ అక్కడే బంగారు పతకంతో నటన చదివారు. ‘లేడీస్ టైలర్’ (1986), ‘అహ నా పెళ్ళంట’ (1987)లలో ఆయన మాటకు మాటకు మధ్య పట్టే విరామం చూసి సహజం అంటారు. అది లెక్క. లెక్క నేర్చి, నేర్చినట్టు కనబడకుండా చేయడమే ఆ చదువు ఫలితం. కర్ణాటకలో బస్సు కండక్టరుగా పనిచేసిన రజనీకాంత్ వచ్చింది కూడా అదే బడి నుంచి. ఇంటిపేరు అండ లేనివాడికి గుమ్మం తెరిచినది ఆ బడి, ఆ బడిలోని దేవదాస్ గారు, లక్ష్మీదేవి గారు వంటి మాస్టర్లు. ఆ మాస్టర్లను ‘మామగారు’గా కుదించినప్పుడు మనం ఒక మనిషిని మాత్రమే చిన్నచేయడం లేదు. ఆ గుమ్మం ఒకటి ఉండేదన్న జ్ఞాపకాన్నే చెరిపేస్తున్నాం.

ఇది చదివి కొందరు తప్పక అంటారు: “యాక్టింగ్ స్కూళ్ళంటే దొంగ బేరాలు కదా!” అవును, చాలావరకు దొంగ బేరాలే. నాకు బాగా తెలిసిన ఒక కుర్రవాడు, రేపల్లె వైపు కౌలు రైతు కొడుకు, ఈ నగరంలోనే ఒక సందులో ఉన్న అలాంటి చోట డబ్బు కట్టాడు. మూడు నెలల్లో హీరోను చేస్తామన్నారు. చేసింది ఏమిటంటే ఫొటోలు తీయించారు, నాలుగు పాటలకు అడుగులు నేర్పారు, ప్రసిద్ధ హీరోల సంభాషణలు అదే గొంతుతో అప్పజెప్పించారు. ఊపిరి గురించి, వినడం గురించి, కెమెరా గురించి ఒక్క మాట చెప్పలేదు. చివర ఒక పత్రం ఇచ్చారు. తండ్రి ఆ డబ్బును ఏ వడ్డీకి తెచ్చాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఈ మోసం నా వాదనను కొట్టివేయదు, బలపరుస్తుంది. నకిలీ డాక్టరు ఉన్నాడని వైద్యం అబద్ధమని ఎవరూ అనరు. అసలు మాస్టారు ఎవరో, నకిలీ మాస్టారు ఎవరో తేడా తెలియని సమాజంలోనే నకిలీవాడి దుకాణం సాగుతుంది. ఆ తేడా తెలియాలంటే అసలు మాస్టారు ఏమి నేర్పాడో ముందు తెలియాలి.

పైపెచ్చు ఇది కోచింగు నగరం. ఇంజనీరింగుకు, మెడిసిన్‌కు, గ్రూప్ పరీక్షలకు, బ్యాంకు ఉద్యోగాలకు, ఆఖరికి ఇంగ్లీషులో నవ్వుతూ మాట్లాడడానికి కూడా ఇక్కడ కోచింగు ఉంది. ఏలూరు రోడ్డు మీద లెనిన్ సెంటరు పాత పుస్తకాల కొట్ల ముందు నిలబడితే, మనిషికి తెలుగులో, ఇంగ్లీషులో రానిదేదీ లేదనిపించేటన్ని గైడ్లు కనబడతాయి. తెలివి కూడా శిక్షణతో పెరుగుతుందని నమ్మి లక్షలు పోసే నగరం, ఒక్క నటన దగ్గరకు వచ్చేసరికి వేదాంతం పలుకుతుంది. ఆ పక్కనే, జైహింద్ టాకీస్ పోయి జైహింద్ కాంప్లెక్సు అయిన చోట నిలబడి ఈ మాట అంటున్నాను. సినిమాలు చూడడంలో, సినిమాలు పంచడంలో రాష్ట్రానికే పెద్దదిక్కుగా ఉన్న ఊరు, సినిమాల్లో చేయవలసిన పని ఎలా చేయాలో నేర్పే ఒక నమ్మకమైన గది పెట్టుకోవాలని ఎన్నడూ అనుకోలేదు.

విగ్రహం పెట్టమని నేను అడగడం లేదు. మనకు విగ్రహాలకు కొదవ లేదు. నేను అడిగేవి చిన్నవి.

ఒకటి. ఏ నటుడి పరిచయం రాసినా, ఏ ఇంటర్వ్యూ చేసినా, “మీకు నటన ఎవరు నేర్పారు?” అన్న ప్రశ్న తప్పనిసరిగా అడగండి. పాటగాడిని అడుగుతున్నారు, నర్తకిని అడుగుతున్నారు. నటుడిని కూడా అడగండి. ఇంకొక నటుడి పేరో, తండ్రి పేరో చెప్పి తప్పించుకుంటే మళ్ళీ అడగండి.

రెండు. దేవదాస్, లక్ష్మీదేవి దంపతుల దగ్గర చదివినవారు వందలలో ఉన్నారు. వారిలో చాలామంది తారలు కాలేదు. టీవీ ధారావాహికలలో, డబ్బింగులో, కాలేజీ నాటకాలలో, చిన్న వేషాలలో ఉన్నారు. తారల జ్ఞాపకాలు మనకు చాలు. మొదటి రోజు మాస్టారు ఏమి చేయించారు, ఏ తప్పుకు కోప్పడ్డారు, ఏ అభ్యాసం ఎన్నిసార్లు చేయించారు అన్నవి ఆ చిన్న నటులు చెప్పగలరు. వారి నోట వాటిని రాయించి పుస్తకంగా వేయాలి. తెలుగులో నటన పాఠ్యపుస్తకానికి అది మంచి ఆరంభం అవుతుంది. ఇప్పుడే చేయకుంటే ఆ చిన్న నటులు కూడా పోతారు, ఎవరికో మామగార్లుగానే పోతారు.

మూడు. విజయవాడలో ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. తుమ్మలపల్లి కళాక్షేత్రం ఉంది. గాత్రానికి, వీణకు, కూచిపూడికి ప్రభుత్వ బడిలో చోటు ఉన్నప్పుడు నటనకు కూడా ఒక సాయంకాలపు తరగతి ఉండాలి. నెలకు ఒక కూలీవాడి కొడుకు కట్టగలిగిన రుసుము ఉండాలి. చెప్పేవారు విద్య చదివినవారై ఉండాలి. తెలుగు విశ్వవిద్యాలయంలోను, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోను రంగస్థల కళలు చదివి పని లేక ఉన్నవారు ఉన్నారు. మాస్టర్ల కొరత లేదు, గది కొరత, నమ్మకం కొరత మాత్రమే ఉన్నాయి.

ఈ మూడూ జరిగితే తెలుగు సినిమా రాత్రికి రాత్రి మారిపోతుందని నేను చెప్పను. ప్రతి కైకలూరు కుర్రవాడూ నూతన్ ప్రసాద్ కాడు. కాని తన చేతిలో ఉన్నది ఎంత, లేనిది ఎంత అన్నది వాడు నాలుగు నెలల అభ్యాసంలో తెలుసుకుంటాడు. వడ్డీ డబ్బు పోయాక, వయసు పోయాక కృష్ణానగర్ గదిలో కూర్చుని తెలుసుకోనవసరం ఉండదు. కొందరికి నటన రాదని మర్యాదగా చెప్పి ఇంటికి పంపడం కూడా మంచి మాస్టారు చేసే పనే. ఆ పని ఏ అదృష్టమూ చేయదు.

దేవదాస్ కనకాల గారు నటుడు, దర్శకుడు, అన్నిటికీ మించి నటనాచార్యుడు. మళ్ళీ ఆయన ప్రస్తావన వచ్చినప్పుడు ముందు ఈ మాట చెప్పి, చుట్టరికాలు తరువాత చెప్పుకుందాం.